తరగతిలో కాలిక్యులేటర్‌తో ఏమి ఆటలు ఆడతారు?

విభాగం: పిల్లలు, చదువులు

హొరమావు అమ్మ
సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇది రాయడానికి సరైన విభాగమో కాదో తెలియదు, కాకపోతే నిర్వాహకులు మార్చగలరు.

మా అబ్బాయి ఇక్కడే బెంగళూరులో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈ మధ్యాహ్నం కళాశాల నుంచి ఫోను వచ్చింది. గుండె గుభేలుమంది. కేఆర్ పురం వంతెన దగ్గర బండి మీద నుంచి పడ్డాడేమో అనుకున్నాను. తీరా చూస్తే, తరగతిలో కాలిక్యులేటర్‌తో ఆటలాడుతూ దొరికాడట. కాలిక్యులేటర్ తీసేసుకున్నారు. గురువారం తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి మాట్లాడాలట.

ఫోనుతో ఆడాడంటే అర్థం చేసుకుంటాను. కాలిక్యులేటర్‌లో ఆడటానికి ఏముంది? కూడికలు, తీసివేతలు, ఆ సైన్లూ కాస్‌లూ. వాడిని అడిగితే "నీకు చెప్పినా అర్థం కాదమ్మా" అని గది తలుపు వేసుకున్నాడు. మా వారు సంగతి విని, నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళారు. ఆయనదీ ఇంజనీరింగే. అంటే నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలిసిన రహస్యం ఏదో ఉందన్నమాట.

పెట్టె మీద కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ అని ఉంది. వెయ్యి రూపాయలు దాటింది కొన్నప్పుడు. గురువారం ఆ మేడం ముందు కూర్చునేలోపు నా కొడుకు చేసిన నేరం ఏమిటో నాకు తెలియాలి. కాస్త చెబుతారా?


చివరి బెంచి
సోమవారం, రాత్రి 10.05

అమ్మా, వంటింట్లో నవ్వుకుంటున్న మీ వారి తరఫున నేను చెబుతాను. క్రికెట్ ఆడి ఉంటాడు.

చిన్నప్పుడు పుస్తకం క్రికెట్ ఆడే ఉంటారు కదా, కళ్ళు మూసుకుని పేజీ తెరిస్తే చివరి అంకె ఎంతయితే అన్ని పరుగులు, సున్నా అయితే అవుట్. ఇదీ అదే. కాసియోలో దశాంశ బిందువు బటన్ మీద చిన్న అక్షరాలతో 'ర్యాన్' అని రాసి ఉంటుంది. షిఫ్ట్ నొక్కి దాన్ని నొక్కి, ఈజ్ ఈక్వల్ టు నొక్కితే 0.000 నుంచి 0.999 లోపు ఏదో ఒక సంఖ్య పడుతుంది. 0.354 పడితే ఫోరు. 0.716 పడితే సిక్సరు. అక్కడి నుంచి ఈజ్ ఈక్వల్ టు ఒక్కటే నొక్కుకుంటూ పోవచ్చు, ప్రతి నొక్కుకూ కొత్త సంఖ్య. ఎడమ చేతి బొటనవేలు ఒక్కటి చాలు. కుడి చేయి నోట్సు రాస్తున్నట్టు కదులుతూనే ఉంటుంది.

నేను 2006లో కడప నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాను. నాకు అప్పటికి కన్నడం ముక్క రాదు. పక్కవాడు హాసన్ వాడు, వాడికి తెలుగు రాదు. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది ఈ బటనే. వికెట్ పడినప్పుడల్లా వాడు పెదవి కదపకుండా "హోయ్తు" అనేవాడు. పోయింది అని. నేను నేర్చుకున్న మొదటి కన్నడ మాట అదే.

మా నిబంధనలు: 1, 2, 3, 4, 6 వస్తే అన్ని పరుగులు. 5, 7, 8, 9 వస్తే ఏమీ లేదు, బంతి వృథా. చివరి అంకె సున్నా అయితే అవుట్. ఓవర్ల లెక్క లేదు, పదిమంది అవుటయ్యేదాకా ఆట. స్కోరు ఎక్కడ రాసేవాళ్ళం అంటారా? ల్యాబ్ రికార్డు వెనక పేజీలో పరిశీలనల పట్టిక గీసి. మొదటి గడిలో క్రమ సంఖ్య, రెండో గడిలో 'వోల్టేజి'. ఒకసారి మా సారు అటుగా వస్తూ ఆగి, ఆ పట్టికను చాలా సేపు చూసి, "ఈ పరికరంలో ఏదో లోపం ఉంది, వోల్టేజి ఒక్కసారి కూడా 5 రాలేదు" అని వెళ్ళిపోయారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో ఈ రోజుకీ మాకు తేలలేదు.


గోడమీద పిల్లి
సోమవారం, రాత్రి 10.22

మా తరగతిలో 7 వస్తే వైడు, 9 వస్తే నోబాల్. చివరి బెంచి గారివి పేదవాళ్ళ నిబంధనలు.

ఇంకో సంగతి చెప్పడం మరిచారు. ఆ యంత్రం చివరి సున్నాను చూపించదు! 0.350 అయితే తెర మీద 0.35 అనే పడుతుంది. కొత్తగా చేరిన వాళ్ళు "చివరి అంకె 5, నేను అవుట్ కాలేదు" అని వాదించేవాళ్ళు. మూడు అంకెలు కనబడకపోతే అవుటేనని ఒప్పించేసరికి గంట కొట్టేసేవారు.


చివరి బెంచి
సోమవారం, రాత్రి 10.31

అవును, ఆ తగవు ప్రతి ఏడాదీ జూనియర్లతో ఉండేది. 0.4 పడినా అవుటే, అది 0.400 కాబట్టి. ఇక వెయ్యింటికి ఒకసారి ఉత్త 0 పడుతుంది, అంటే మూడు అంకెలూ సున్నాలే. మా తరగతిలో అది పడితే ఒక్క బ్యాటర్ కాదు, జట్టు మొత్తం అవుట్. నాలుగేళ్ళలో రెండుసార్లు చూశాను. రెండోసారి పడినప్పుడు హాసన్ వాడు బెంచీ మీద తల వాల్చేశాడు. ఒంట్లో బాగాలేదేమో అని సారు వాడిని విశ్రాంతి గదికి పంపించారు.


బీజగణితం
మంగళవారం, ఉదయం 6.15

నేను బెంగళూరులోనే ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లెక్కలు చెబుతాను. పంతొమ్మిదేళ్ళయింది. మీ అబ్బాయిని పట్టుకున్నది నేను కాదు, కంగారు పడకండి. కానీ ఆ మేడం పక్షాన మాట్లాడేవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా.

మీరందరూ ఏదో గొప్ప రహస్యం కాపాడినట్టు రాస్తున్నారు. ఆడే పిల్లవాడిని పట్టుకోవడానికి మాకు కళ్ళు అక్కర్లేదు, చెవులు చాలు. నిజంగా లెక్క చేసేవాడి బటన్లకు ఒక నడక ఉంటుంది. నాలుగు నొక్కులు, ఆగి పుస్తకం వైపు చూడటం, మళ్ళీ మూడు నొక్కులు, తప్పు కొట్టి చెరపడం, ఒక నిట్టూర్పు. ఆటకు అదేమీ ఉండదు. టిక్, టిక్, టిక్, ఒకే బటన్, ఒకే వేగం, గడియారంలా. నేను బోర్డు వైపు తిరిగి రాస్తున్నప్పుడు కూడా ఏ వరసలో నుంచి వస్తోందో చెప్పగలను. ఆ వరసలో నేను ఏ సమస్యా ఇవ్వని సమయంలో కాలిక్యులేటర్ మోగుతోందంటే ఇంకేముంటుంది?

అసలు బాధ ఏమిటంటే ఆడేవాడు ఒకడు, చూసేవాళ్ళు నలుగురు. ఆడేవాడు ఒక చెవి ఇటు వేసే ఉంచుతాడు, దొరికిపోతాననే భయంతో. చూసేవాళ్ళకు ఆ భయం కూడా లేదు. స్కోరు తప్ప వాళ్ళకు ఏదీ వినబడదు. నేను కాలిక్యులేటర్ తీసుకునేది ఆ నలుగురి కోసం.

చివరి బెంచి గారి నిబంధనల గురించి ఒక మాట. పుస్తకంలో ఎడమ పేజీ సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే, కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8లో ఒకటి. అయిదింటికి ఒకసారి అవుట్. 8 వస్తే ఒక్క పరుగు అనే పాత నిబంధన పెట్టుకుంటే, బంతికి సగటున 2.6 పరుగులు, బ్యాటర్ సగటున అయిదు బంతులు ఆడతాడు, 13 పరుగులు. కాలిక్యులేటర్‌లో పదింటికి ఒకసారి అవుట్, బంతికి 1.6 పరుగులు, సగటున పది బంతులు, 16 పరుగులు. జట్టు మొత్తానికి పుస్తకంలో 130, కాలిక్యులేటర్‌లో 160. పైగా ఒక ఇన్నింగ్స్‌కు దాదాపు వంద బంతులు పడతాయి, అంటే సరిగ్గా నా పీరియడ్ అంతా పడుతుంది.

ఇంత లెక్క వేశానని ఆటలను సమర్థిస్తున్నాననుకోవద్దు. పాలు పొంగుతున్నాయి, వెళ్ళాలి.


గోడమీద పిల్లి
మంగళవారం, ఉదయం 8.50

మేడం, పంతొమ్మిదేళ్ళుగా పట్టుకుంటున్న వాళ్ళు ఎవరైనా ఇలా కూర్చుని సగటు వేస్తారా? మీరు ఎక్కడో ఒక ఇన్నింగ్స్ ఆడే ఉంటారు.


బీజగణితం
మంగళవారం, ఉదయం 8.58

స్టాఫ్ మీటింగులలో. ఇక అడగవద్దు.


పాత ట్రాన్సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 2.10

ఈ తరం వాళ్ళు తామే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే ముచ్చటగా ఉంది. కాసియో వాళ్ళు 1980లోనే ఆట కోసమే ఒక కాలిక్యులేటర్ చేశారు, ఎంజీ-880. మా బావగారు కువైట్ నుంచి వస్తూ తెచ్చారు. నేను అప్పుడు ఇక్కడ ఒక ప్రభుత్వ రంగ సంస్థలో అప్రెంటిస్‌ని.

చూడటానికి మామూలు లెక్కల యంత్రమే. ఆట మీట జరిపితే కుడి చివర నుంచి అంకెలు ఒక్కొక్కటిగా ఎడమకు నడిచి వస్తాయి, సైన్యంలా. ఎడమ చివర మన అంకె ఒకటి ఉంటుంది. దశాంశ బిందువు నొక్కుతుంటే అది 0, 1, 2 అని మారుతుంది. వచ్చే సైన్యంలో 7 ఉంటే మన అంకెను 7 దాకా తెచ్చి, కూడిక గుర్తు నొక్కితే అది తూటా. 7 చచ్చిపోతుంది. చంపిన అంకెల మొత్తం పదికి గుణిజమైతే 'ఎన్' అక్షరం రూపంలో ఒక ఎగిరే పళ్ళెం వస్తుంది, దాన్ని కొడితే ఎక్కువ మార్కులు. కాబట్టి ఆడేవాడు తూటాలు కాలుస్తూనే లోపల కూడికలు చేసుకుంటూ ఉండాలి. నాకు ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర మొత్తం నోటితో వేసే అలవాటు ఉందంటే దాని పుణ్యమే.

2017లో జపానులో కాసియో వాళ్ళు దాన్నే ఎస్ఎల్-880 అని మళ్ళీ విడుదల చేశారు. మనవడి చేత తెప్పించుకోవాలని చూశాను, మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ ఒక్క యంత్రం శిక్షణ తరగతిలో ఇరవై మందికి. వంతులు వేసుకునేవాళ్ళం. వంతు రానివాళ్ళు మామూలు కాలిక్యులేటర్ మీద వందాట ఆడేవాళ్ళు. అది మీకు తెలుసా?


కొత్త చిగురు
మంగళవారం, మధ్యాహ్నం 3.02

వందాట అంటే ఏమిటి తాతగారూ? నేను మూడో సంవత్సరం విద్యార్థిని. ప్రస్తుతం తరగతిలోనే ఉన్నాను.


బీజగణితం
మంగళవారం, మధ్యాహ్నం 3.04

ఏ కళాశాల?


కొత్త చిగురు
మంగళవారం, మధ్యాహ్నం 3.05

మేడం, విరామంలో ఉన్నానని రాయబోయి అలా రాశాను.


పాత ట్రాన్సిస్టర్
మంగళవారం, సాయంత్రం 5.30

వందాట ఇద్దరు ఆడేది. యంత్రం మధ్యలో పెట్టుకోవాలి. సున్నాతో మొదలు. ఒకరి తరువాత ఒకరు 1 నుంచి 10 లోపు ఏదో ఒక సంఖ్య కూడాలి. ఎవరి చేతి మీద 100 పడితే వాళ్ళు గెలిచినట్టు. అంతే.

మాతో చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు ఉండేవాడు. పల్చగా, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. వాడు ఓడిపోవడం ఎవరూ చూడలేదు. మొదట వాడే మొదలుపెడితే ఎప్పుడూ 1 కూడేవాడు. నేను 10 కూడితే 11, వాడు 1 కూడి 12 చేసేవాడు. నేను 4 కూడితే 16, వాడు 7 కూడి 23. అలా 34, 45, 56. ఆ మెట్ల మీదే వాడి అడుగు. నేను ఎంత కూడినా, నాదీ వాడిదీ కలిపి 11 అయ్యేలా చూసుకునేవాడు. 89 మీద వాడు చేయి తీస్తే నేను 1 కూడినా 10 కూడినా వందకు చేరలేను, వాడు చేరతాడు.

ఈ సంగతి నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో వాడికి నేను తాగించిన కాఫీలు లెక్క కడితే అదే పెద్ద ఆట. తెలిసిన రోజు వాడి దగ్గరకు వెళ్ళి "దొంగా, పదకొండు!" అన్నాను. వాడు చుట్టూ చూసి, "మిగతావాళ్ళకు చెప్పకండి అన్నా, సగం కాఫీ మీకు" అన్నాడు. చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.


తిరుగుటపా
మంగళవారం, రాత్రి 11.15

నేను పదో తరగతి దాకా అమెరికాలో, న్యూజెర్సీలో చదివాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. అక్కడి కథ వేరు. అక్కడ బడి వాళ్ళే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ కొనమంటారు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఐ-83 ప్లస్, టీఐ-84 ప్లస్ లాంటివి. వంద డాలర్ల పైమాటే. కొనిపించి, ఆడవద్దంటారు!

టీఐ-83 ప్లస్ 1999లో వచ్చింది. తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. లోపలి చిప్ జెడ్80, అది 1976 నాటి రకం. కానీ దానికి ప్రోగ్రాం రాయవచ్చు. పాము ఆట, ఇటుకలు పేర్చే ఆట, అన్నీ పిల్లలు రాసినవే. యంత్రం నుంచి యంత్రానికి ఒక సన్నటి తీగ ఉంటుంది, ఇయర్‌ఫోను పిన్ కన్నా చిన్న పిన్‌తో. అది బెంచీ కింద చేయి మారుతూ పోతే పీరియడ్ అయ్యేసరికి తరగతి మొత్తానికి ఆట అంటుకునేది, జలుబులా.

పరీక్షకు ముందు టీచర్లు వచ్చి ఒక్కొక్కరి యంత్రం తీసుకుని జ్ఞాపకం మొత్తం చెరిపేసేవాళ్ళు. చివర్లో 'ర్యామ్ క్లియర్డ్' అని తెర మీద పడాలి. మా తరగతిలో ఒకతను అచ్చంగా ఆ మాటలనే తెర మీద వేసే ప్రోగ్రాం రాశాడు. టీచరు వచ్చేలోపు దాన్ని నడిపి, ఇదిగో చెరిపేశాను చూడండి అని చూపించేవాడు. నిజానికి అంత కష్టం అవసరం లేదు, ఆటను ఆర్కైవ్ అనే విడి జ్ఞాపకంలోకి పంపిస్తే ర్యామ్ చెరిపినా పోదు. అది తెలియనివాళ్ళు మాత్రమే ఏడ్చేవాళ్ళు.

ఇక్కడికి వచ్చాక ఇంజనీరింగ్‌లో చేరితే, ప్రోగ్రాం చేయగల కాలిక్యులేటర్‌ను పరీక్ష హాలులోకి రానివ్వరు అన్నారు. నా టీఐ-84 అమ్మమ్మ బీరువాలోకి వెళ్ళింది. 991 కొన్నాను. మొదటి వారం, ఇందులో ఏమీ లేదే అని జాలి పడ్డాను. రెండో వారానికి పక్క అమ్మాయి వైకుంఠపాళి నేర్పింది. ఈఎస్ ప్లస్‌లో రెండు సంఖ్యల మధ్య పూర్ణాంకం వేసే సౌకర్యం ఉంది కదా, అందులో 1, 6 అని ఇస్తే అదే పాచిక. పటం రఫ్ పుస్తకంలో చేత్తో గీసుకున్నాం. పెద్ద పాముకు మా విభాగాధిపతి పేరు పెట్టాం.

హొరమావు అమ్మ గారూ, మీ అబ్బాయిది ఈఎస్ ప్లస్ అన్నారు కాబట్టి ఇంకో మాట. అందులో మామూలు అమరికలో ర్యాండమ్ సంఖ్య దశాంశంగా కాక భిన్నం రూపంలో పడుతుంది. 0.278కి బదులు 139/500 అని. దాన్ని దశాంశంగా మార్చే బటన్ మళ్ళీ నొక్కాలి. ఆడటానికి చిరాకే కానీ, తెర మీద 139/500 ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి. అయినా దొరికాడంటే అది నైపుణ్యం లోపమే.


హొరమావు అమ్మ
బుధవారం, ఉదయం 7.05

మీరందరూ ఇన్ని రాస్తారని అనుకోలేదు. రాత్రి వాడికి ఈ పేజీ చూపించాను. "139/500" చదివి నవ్వేశాడు. అవునట, క్రికెట్టేనట. దొరకడానికి కారణం బటన్ చప్పుడు కాదట, వెనక బెంచీ వాడు సిక్సరు పడగానే చప్పట్లు కొట్టాడట.

బీజగణితం గారు చెప్పిన ఆ 'చూసేవాళ్ళు నలుగురు' మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది. రేపు మేడం ముందు వాడి తరఫున వాదించాలనుకున్నాను. ఇప్పుడు సందేహంలో పడ్డాను.


కొత్త చిగురు
బుధవారం, మధ్యాహ్నం 1.10

(ఇది నిజంగానే భోజన విరామం.) 991ఈఎస్‌లో పాము ఆట దాగి ఉందని మా సీనియర్లు అంటున్నారు. షిఫ్ట్, 7 కలిపి నొక్కిపట్టి ఆన్ నొక్కితే ఏదో తెర వస్తుంది. అక్కడి నుంచి ఎలా వెళ్ళాలో ఎవరూ సరిగా చెప్పడం లేదు. ఎవరికైనా తెలుసా?


చివరి బెంచి
బుధవారం, మధ్యాహ్నం 1.40

తమ్ముడూ, పాము లేదు, పుట్ట కూడా లేదు. ఆ తెర తయారుచేసేవాళ్ళు యంత్రాన్ని పరీక్షించుకోవడానికి పెట్టుకున్నది. తెర మొత్తం నల్లబడుతుంది, తరువాత బటన్లన్నీ పనిచేస్తున్నాయో లేదో వరసగా నొక్కి చూసుకోవచ్చు. అంతే. మా రోజుల్లోనూ ఈ కథ ఉంది. ప్రతి తరగతిలోనూ పాము ఆట తాను చూడని, తన స్నేహితుడి స్నేహితుడు చూసిన మనిషి ఒకడు ఉంటాడు.


గోడమీద పిల్లి
బుధవారం, మధ్యాహ్నం 2.15

ఇన్ని ఆటలు రాశారు, తలకిందుల రాత ఎవరూ ఎత్తలేదే. 0.7734 కొట్టి యంత్రాన్ని తిరగేస్తే ఇంగ్లీషులో హలో అని కనబడుతుంది. 710 కొట్టి తిరగేస్తే నూనె. ముందు సున్నా, చుక్క పెట్టకుండా 07734 కొడితే కుదరదు, మొదటి సున్నాను యంత్రం మింగేస్తుంది, హలోలో చివరి అక్షరం పోతుంది.

మొదటి సంవత్సరంలో నాది 991ఎంఎస్. జవాబు వరసలో అంకెలు కర్రముక్కలు పేర్చినట్టు ఉంటాయి కాబట్టి తిరగేస్తే అక్షరాల్లా కుదురుతాయి. పక్క వరసలో ఒక అమ్మాయి. నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకుని, అయిదో రోజు 0.7734 కొట్టి, తలకిందులు చేసి, ఆమె వైపు బల్ల మీద జరిపాను. ఆమె చూసింది. తన కాలిక్యులేటర్ తీసింది. ఏదో కొట్టింది. ఇటు తిప్పింది.

70 ఫ్యాక్టోరియల్. తెర మీద 'మ్యాథ్ ఎర్రర్'.

(తెలియనివాళ్ళకు: ఫ్యాక్టోరియల్ అంటే 1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం. ఆ యంత్రం 10 పక్కన వంద సున్నాల దాకా పోలేదు. 69 ఫ్యాక్టోరియల్ దాకా చెబుతుంది, 70 అడిగితే చేతులెత్తేస్తుంది.)

ఇప్పటికీ 70 అనే అంకె కనబడితే నాకు చెవులు వేడెక్కుతాయి.


బీజగణితం
బుధవారం, సాయంత్రం 6.20

ఆ అమ్మాయి నా విద్యార్థిని అయి ఉంటే పది మార్కులు ఊరికే వేసేదాన్ని. ఒక్క సవరణ: 10 పక్కన వంద సున్నాలు కాదు, 1 పక్కన. 70 ఫ్యాక్టోరియల్ ఆ హద్దు దాటుతుంది.


గోడమీద పిల్లి
బుధవారం, సాయంత్రం 6.24

చూశారా, అందుకే ఆమె ఒప్పుకోలేదు.


దారిన పోయే దానయ్య
బుధవారం, రాత్రి 9.30

ఇటువైపు రావడం తక్కువ, కానీ ఇది చూసి ఆగలేకపోయాను.

మాకు సంఖ్యా పద్ధతుల తరగతి భోజనం తరువాత ఉండేది. ఆంధ్రా మెస్సులో పప్పూ గోంగూరా తిని వచ్చి కూర్చుంటే కళ్ళు వాటంతట అవే మూతపడేవి. నిద్ర రాకుండా నేను చేసే పని ఏమిటంటే, ఏదో ఒక సంఖ్య వేసి, దాని కాస్, మళ్ళీ వచ్చిన జవాబుకు కాస్, అలా ఈజ్ ఈక్వల్ టు నొక్కుతూ పోవడం. ఆట కూడా కాదు, మేక ఆకు నమలడం లాంటిది. అంకెలు ముందు ఎగిరెగిరి పడి, క్రమంగా సద్దుమణిగి, సుమారు అరవై నొక్కులకు 0.739085133 దగ్గర కదలకుండా కూర్చుంటాయి.

ఒకరోజు సారు నా వెనక నిలబడి ఉన్నారని నాకు తెలియలేదు. యంత్రం తీసుకుంటారనుకున్నాను. ఆయన నా తెర చూసి, తరగతి అంతటినీ కాలిక్యులేటర్లు తీయమన్నారు. ఎవరికి నచ్చిన సంఖ్యతో వాళ్ళు మొదలుపెట్టండి, కాస్ నొక్కుతూ పోండి అన్నారు. అరవై మంది, ఒక్కసారిగా. వాన పడినట్టు ఉంది చప్పుడు. చివరికి ఏమి వచ్చిందని అడిగితే ముందు వరసల వాళ్ళందరూ 0.739 అన్నారు. వెనక సగం మంది 0.99984774 అన్నారు, అదీ నాలుగైదు నొక్కులకే వచ్చేసిందట. కాసేపు రెండు పార్టీలు. తరువాత తేలింది, వెనకవాళ్ళ యంత్రాలు కోణాన్ని డిగ్రీల్లో కొలుస్తున్నాయి, ముందువాళ్ళవి రేడియన్లలో.

అప్పుడు ఆయన బోర్డు మీద ఒక ఏటవాలు గీత, ఒక కాస్ వంపు గీశారు. రెండూ కలిసేచోట, అంటే ఏ సంఖ్యకు కాస్ తీస్తే మళ్ళీ అదే సంఖ్య వస్తుందో అక్కడ, సుద్దతో గట్టిగా ఒక చుక్క పెట్టారు. "మీ స్నేహితుడు ఇరవై రోజులుగా ఈ చుక్క చుట్టూ తిరుగుతున్నాడు" అన్నారు. ఇరవై రోజులుగా! అంటే మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నారన్నమాట. ఆ మాటకు నాకు పట్టిన చెమట ఇంకా గుర్తుంది.


చివరి బెంచి
బుధవారం, రాత్రి 9.48

అలాంటి సారు ఉంటే మేము క్రికెట్ ఎందుకు ఆడతాం? బీజగణితం గారూ, దీనికి ఏమంటారు?


బీజగణితం
బుధవారం, రాత్రి 10.10

ఆయనకు నమస్కారం. కానీ ఆయన ఆ ఒక్క రోజు చేసినదే దానయ్య గారికి గుర్తుంది. మిగిలిన పాఠాలలో మామూలుగా సుద్ద అరగదీసి ఉంటారు, దానయ్య గారు మామూలుగా నిద్రపోయి ఉంటారు. కాస్ నొక్కేవాడిని పాఠంలోకి లాగవచ్చు. సిక్సరుకు చప్పట్లు కొట్టేవాడిని ఏ పాఠంలోకి లాగమంటారు?

సంభావ్యత అని మాత్రం అనకండి. అది వచ్చే సెమిస్టరులో ఉంది.


నిర్వాహకుడు
గురువారం, ఉదయం 9.00

చర్చ 'పిల్లలు, చదువులు' విభాగంలోనే ఉంచుతున్నాం. పరీక్ష హాలులో కాలిక్యులేటర్ మూత లోపల సూత్రాలు రాసుకోవడం గురించి వచ్చిన రెండు టపాలు తీసేశాం. ఆ సలహాలు ఇక్కడ వద్దు.


హొరమావు అమ్మ
గురువారం, రాత్రి 10.45

వెళ్ళి వచ్చాను.

మేడం చిన్నావిడే, ముప్పై దాటి ఉండవు. నేను ఏదో మొదలుపెట్టబోతే సొరుగు తెరిచారు. లోపల పదకొండు కాలిక్యులేటర్లు. అన్నీ ఒకేలా ఉన్నాయి. "మీ వాడిది ఏదో మీరే తీసుకోండి" అన్నారు. ఒక్కొక్కటి తిరగేసి చూశాను. వెనక వృత్తలేఖిని మొనతో గీసి పేర్లు ఉన్నాయి. ఒకదాని మీద పేరుకు బదులు ఎవరో 'ముట్టుకోవద్దు' అని కన్నడంలో చెక్కారు. మా వాడిది ఎనిమిదోది. పేరు పక్కన చిన్న బ్యాటు బొమ్మ కూడా ఉంది. మేడం కూడా చూశారు. ఇద్దరం ఏమీ అనలేదు.

ఫోను అయితే సెమిస్టరు చివర దాకా ఇవ్వరట. ఇది మాత్రం ఇచ్చేస్తారట, ఇంటర్నల్ పరీక్షలు వస్తున్నాయి, ఇది లేకపోతే పిల్లలు రాయలేరు కాబట్టి. నేను మీరు రాసినదంతా గుర్తుపెట్టుకుని, "చూసే నలుగురి మాటేమిటి మేడం?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, "మీరు కూడా లెక్చరరా?" అన్నారు. కాదన్నాను. చప్పట్లు కొట్టినవాడి తల్లి రేపు వస్తోందట.

ఇంటికి వచ్చాక మా వాడిని ముందు కూర్చోబెట్టి వందాట ఆడాను. నేనే మొదలుపెట్టాను. 1. పాత ట్రాన్సిస్టర్ గారూ, మూడుసార్లు గెలిచాను. వాడికి ఇంకా అంతుపట్టలేదు. ఈ పేజీలో మీ టపా చదవకుండా దాటేశాడనుకుంటాను. దయచేసి ఎవరూ వాడికి చెప్పకండి.


పాత ట్రాన్సిస్టర్
శుక్రవారం, ఉదయం 5.50

సగం కాఫీ నాకు, అమ్మా.


హొరమావు అమ్మ
శుక్రవారం, రాత్రి 11.20

ఒక సందేహం, త్వరగా చెప్పండి. తండ్రీ కొడుకులు భోజనాల బల్ల దగ్గర క్రికెట్ ఆడుతున్నారు. మా వారు 148కి రెండు వికెట్లు. ఇప్పుడే ఉత్త 0 పడింది. జట్టు మొత్తం అవుట్ అని వాడు, అటువంటి నిబంధన మా కాలంలో లేదు, ఒక్క వికెట్టే అని ఆయన. ఆయన బటన్ మీద నుంచి వేలు తీయడం లేదు. చివరి బెంచి గారు మెలకువగా ఉన్నారా?


చివరి బెంచి
శుక్రవారం, రాత్రి 11.23

హోయ్తు.